సైనిక బండి: రిమోట్‌తో నడపాలా, తనంతట తానే నడవాలా?

ఖర్చు: రిమోట్ బండికి కెమెరాలు, రేడియో, తర్ఫీదు పొందిన సైనికుడు ఉంటే చాలు. స్వయంచాలక బండికి లైడార్ (లేజర్ కిరణాలతో దూరాలు కొలిచే సెన్సర్), కంప్యూటర్లు ఒక ఎత్తు, ఏళ్ల తరబడి పరీక్షలు మరో ఎత్తు.

శ్రమ: అసలు తిప్పలన్నీ ఇక్కడే. 2004లో అమెరికాలోని మొజావే ఎడారిలో ఆ దేశ రక్షణ పరిశోధన సంస్థ డార్పా స్వయంచాలక బండ్లకు పెట్టిన పోటీలో ఒక్క బండీ గమ్యం చేరలేదు. అన్నిటికన్నా ముందున్నది 12 కిలోమీటర్లయినా దాటలేదు. మరుసటి ఏడాది ఐదు చేరాయి. అక్కడ కాల్చే శత్రువు లేడు మరి! మోకాలెత్తు గడ్డిని సెన్సర్ గోడ అనుకోవచ్చు, గడ్డి చాటు గుంతను గుర్తించకపోవచ్చు.

ముప్పు: రిమోట్ బండి ప్రాణం రేడియోలో ఉంటుంది. 2018లో సిరియాలో రష్యా రిమోట్ యుద్ధ బండి యురాన్-9కు ఆపరేటర్‌తో సంబంధం పదేపదే తెగింది. స్వయంచాలక బండికి రేడియో సంకేతాలను అడ్డుకునే జామర్ల బెడద తక్కువే, కానీ అది పొరబడితే జవాబుదారీ ఎవరు? తుపాకీ మీట మాత్రం మనిషి చేతిలోనే ఉండాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఎక్కడ ఏది: బాంబుల నిర్వీర్యానికి రిమోటే మేలు. మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో రోబో ‘దక్ష్’ చేసే పని అదే. తెలిసిన దారిలో, ముందు బండి వెంట సరుకు మోయడానికైతే స్వయంచాలకం.