మోటారు పైకి తీయించే ముందు నేను కొన్న ప్రెషర్ గేజ్

మా అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. షవర్ కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని స్నానం చేస్తారు. ఒకరోజు తలకు షాంపూ పెట్టుకుని కూర్చున్నాక ధార సన్నబడిపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. కళ్ళు మూసుకుని, గోడ పట్టుకుని, "ఏమ్మా, మోటారు కట్టేశారా?" అని ఆమె లోపలి నుంచి పిలిచిన పిలుపు నాకింకా గుర్తుంది. మోటారు ఎవరూ కట్టేయలేదు. కింద పంపు దగ్గర ప్రెషర్ స్విచ్ టక్కుమని పడుతోంది, లేస్తోంది, మళ్ళీ పడుతోంది.

ఆ తర్వాత పది రోజుల్లో మా ఇంట్లో జరిగిన మార్పులన్నీ ఒక చిన్న వస్తువు వల్లే సాధ్యమయ్యాయి. అందుకే ఈ రివ్యూ రాస్తున్నాను. ఆ వస్తువు గ్లిజరిన్ నింపిన ప్రెషర్ గేజ్. అరచేతిలో పట్టేంత ఉంటుంది.

ముందు మా ఏర్పాటు చెప్పాలి. మేడ మీద ట్యాంకు లేదు. బోరులో సబ్‌మెర్సిబుల్ మోటారు, బయట 80 లీటర్ల ప్రెషర్ ట్యాంకు, దాని పక్కనే ప్రెషర్ స్విచ్, తర్వాత మట్టి ఆపే ఫిల్టర్, అక్కడి నుంచి ఇంట్లోకి లైను. స్విచ్ సెట్టింగ్ 30/50. అంటే ప్రెషర్ 30 పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి పౌండ్ల లెక్క) పడితే మోటారు ఆన్, 50కి చేరితే ఆఫ్.

మెకానిక్ వచ్చారు. పాత గేజ్ చూశారు, ముల్లు 40 దగ్గర ఉంది. మోటారు శబ్దం విన్నారు. "అమ్మా, గేజులో 40 ఉంది. అయినా పైకి నీళ్ళు ఎక్కట్లేదంటే మోటారు వీకైపోయినట్టే. పైకి తీయాల్సిందే" అన్నారు. లోపల దింపిన పైపులన్నీ ఒక్కొక్కటిగా విప్పి మోటారు తీయడమంటే ఒక రోజు పని, ఆ రోజంతా ఇంట్లో నీళ్ళు ఉండవు. తీశాక మోటారు బాగానే ఉందని తేలితే? ఆ టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఒక పని చేశాను. మోటారు కరెంటు మెయిన్ దగ్గర ఆపేసి, ట్యాంకు పక్కన ఉన్న కొళాయి తిప్పి లైనులో నీళ్ళన్నీ వదిలేశాను. ధార ఆగిపోయింది. చుక్క కూడా రావడం లేదు. పాత గేజ్ ముల్లు మాత్రం 40 దగ్గరే ఉంది. అద్దం మీద వేలితో తట్టాను, కదల్లేదు. ఎన్నాళ్ళుగా అది అలా నిలబడిపోయిందో. దాన్ని చూసి ఇంట్లో అందరం "ప్రెషర్ బాగానే ఉంది కదా" అనుకుంటూ వచ్చాం. పెద్ద రిపేరు అన్న మాట కూడా ఆ చచ్చిన ముల్లును చూసే వచ్చింది.

అందుకే కొత్తవి ఒకే రకానివి 2 గేజ్‌లు తెప్పించాను. ఒకటి పాతదాని స్థానంలో ఉండిపోవడానికి. రెండోది అడాప్టర్‌తో ఏ కొళాయికైనా బిగించి చూసుకోవడానికి. 63 మిల్లీమీటర్ల డయల్, కింద పావు ఇంచు ఇత్తడి మర, 0 నుంచి 100 పీఎస్‌ఐ వరకు స్కేలు, లోపలి వరసలో చదరపు సెంటీమీటరుకు కేజీల లెక్క. 100 దాకా ఉన్నదే ఎంచుకోవడానికి కారణం ఉంది. మా ప్రెషర్ తిరిగేది 30, 50 మధ్య, అది డయల్ నడిమధ్యన పడుతుంది. 300 దాకా ఉన్న గేజ్ తీసుకుంటే ఈ తేడా అంతా ఒక మూల చిన్న కదలికగా కనిపించి ఎందుకూ పనికిరాదు. గ్లిజరిన్ సంగతి కూడా చెప్పాలి. మోటారు ఆన్ అయినప్పుడు పైపు వణుకుతుంది, మామూలు గేజ్‌లో ముల్లు గజగజలాడుతుంది. ఇందులో ముల్లు నూనెలో కదిలినట్టు నిదానంగా, స్థిరంగా పోతుంది. అంకె చదవగలిగేది అందుకే.

బిగించడం నేనే చేశాను. డయల్ పట్టుకుని తిప్పకూడదు, లోపలి భాగాలు పాడవుతాయి. కింద ఇత్తడి కాడకు పలకలు ఉంటాయి, పానా అక్కడ వేయాలి. రెండో చేత్తో రెంచి వేసి పైపు తిరగకుండా పట్టుకోవాలి. పాతది ఊడి చేతిలోకి వచ్చాక కూడా ముల్లు 40 దగ్గరే ఉంది. దాని కన్నంలో, అది కూర్చున్న నిపుల్‌లో, అంటే సన్నటి చిన్న పైపు ముక్కలో, తుప్పు రంగు బురద గట్టిగా పట్టేసింది. మా పంపు దగ్గర ప్రెషర్ స్విచ్‌కి కూడా అలాంటి పావు ఇంచు నిపుల్ గుండానే ప్రెషర్ అందుతుంది. అది మూసుకుపోతే లైనులో ఎంత ప్రెషర్ ఉందో స్విచ్‌కి తెలియదు, ఆలస్యంగా పడుతుంది, ఆలస్యంగా లేస్తుంది. అందుకని రెండూ సన్న తీగతో శుభ్రం చేసి, టెఫ్లాన్ టేపు చుట్టి కొత్తది బిగించాను. ఈ ఒక్క శుభ్రానికే గేజ్ తెచ్చినందుకు ఫలితం దక్కిందనిపించింది.

ఇక అసలు పరీక్ష. ఒక గేజ్ ట్యాంకు దగ్గర, అంటే ఫిల్టర్‌కి ముందు. రెండోది ఫిల్టర్ దాటాక వాషింగ్ మెషిన్ కొళాయికి. అన్ని కొళాయిలూ కట్టేసి చూస్తే రెండూ 48. తేడా లేదు. ఇక్కడే చాలామంది ఆగిపోతారని నా అనుమానం, నేనూ ఒక నిమిషం ఆగిపోయాను. నీళ్ళు నిలబడి ఉన్నప్పుడు ఫిల్టర్ ఎంత మూసుకుపోయినా రెండు పక్కలా ప్రెషర్ ఒకటే చూపిస్తుంది. నీళ్ళు పారుతున్నప్పుడే అడ్డం బయటపడుతుంది. పైన షవర్ తిప్పమని మా అమ్మాయికి చెప్పాను. నేను ట్యాంకు దగ్గర, మా వారు రెండో గేజ్ దగ్గర. నాది 36 చూపిస్తుంటే "14" అని అరిచారు. 22 పీఎస్‌ఐ ఆ ఫిల్టర్ గిన్నెలోనే పోతోంది!

మేడ మీది షవర్‌కి అందులో ఇంకా కోత పడుతుంది. నీళ్ళు 2.31 అడుగుల ఎత్తు ఎక్కడానికి 1 పీఎస్‌ఐ ఖర్చవుతుంది. మా షవర్ గేజ్ కన్నా 14 అడుగుల పైన ఉంది, అంటే ఇంకో 6 పోతుంది. అత్తయ్య తల మీద పడేసరికి మిగిలేది 8. సన్నబడక ఏం చేస్తుంది!

ఫిల్టర్ విప్పితే తెల్లగా ఉండాల్సిన క్యాట్రిడ్జ్ ఇటుక రంగులో, చేతికి జిగటగా తగిలింది. ఎప్పుడు మార్చామో ఎవరికీ గుర్తు లేదు. కొత్తది వేశాక అదే షవర్‌తో తేడా 3కి వచ్చింది.

ధార పెరిగింది, కానీ ఊగిసలాట పోలేదు. కొత్త గేజ్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. ముల్లు 50 నుంచి 30కి జారుతుంది, స్విచ్ టక్కుమంటుంది, ముల్లు 50కి ఎగబాకుతుంది, మళ్ళీ టక్. ఒక చుట్టు అర నిమిషం కూడా లేదు. అప్పుడు బకెట్ పెట్టి కొలిచాను. మోటారు ఆగిన క్షణంలో కొళాయి తిప్పి, మళ్ళీ ఆన్ అయ్యేవరకు ఎన్ని నీళ్ళు వస్తాయో పట్టాలి. 2 లీటర్లు వచ్చాయి. 80 లీటర్ల ట్యాంకు 30/50 మీద సరైన గాలితో ఉంటే 23 లీటర్ల దాకా ఇవ్వాలి.

ట్యాంకు నిండా నీళ్ళుండవు. లోపల రబ్బరు సంచిలో నీళ్ళు, సంచికి బయట గాలి. మోటారు ఆగాక నీళ్ళను ఇంట్లోకి నెట్టేది ఆ గాలే. గాలి లేకపోతే గ్లాసెడు నీళ్ళు వాడగానే ప్రెషర్ పడిపోతుంది, మోటారు రోజంతా ఆన్ ఆఫ్ కొడుతూనే ఉంటుంది. మోటార్లు కాలిపోవడానికి, స్విచ్ పాయింట్లు మాడిపోవడానికి ఇదొక పెద్ద కారణం. వేళ్ళ కణుపులతో ట్యాంకును పై నుంచి కింద దాకా తట్టాను. ఖాళీగా మోగాల్సిన పై భాగం కూడా మొద్దుగా పలికింది.

మళ్ళీ కరెంటు ఆపి, నీళ్ళన్నీ వదిలి, ట్యాంకు వెనక టైరుకు ఉన్నట్టుండే వాల్వ్ మూత తీసి పిన్ను నొక్కాను. గాలి రావాల్సిన చోట తుప్పు నీళ్ళు చిమ్మి నా చీర మీద పడ్డాయి. రబ్బరు సంచి చిరిగిపోయింది. ఇక్కడ గాలి మాత్రమే వచ్చి, ప్రెషర్ తక్కువ చూపిస్తే సైకిల్ పంపుతో గాలి కొట్టుకుంటే సరిపోయేది. నీళ్ళొచ్చాయంటే సంచి మార్చాల్సిందే.

అదే మెకానిక్‌ను పిలిచాను. రెండు గేజ్‌ల అంకెలు, బకెట్ లెక్క రాసిన కాగితం చూపించాను. ఆయన ఏమీ వాదించలేదు, వాల్వ్ పిన్ను తనూ ఒకసారి నొక్కి చూసి, సంచి తెచ్చి వేశారు. బోల్టులు విప్పి పాతది లాగితే ఒక పక్క జానెడు చీలిక. కొత్త సంచి వేశాక, ట్యాంకులో నీళ్ళు లేనప్పుడే గాలి 28 పీఎస్‌ఐకి నింపాం. మోటారు ఆన్ అయ్యే అంకె కన్నా 2 తక్కువ ఉండాలి, అందుకే 28. నీళ్ళుండగా కొలిస్తే ఆ అంకెకు అర్థం లేదు.

మళ్ళీ బకెట్ పరీక్ష. నేను పట్టాను, ఆయన ఫోనులో టైము చూశారు. 23 లీటర్లు దాటాక మోటారు ఆన్ అయింది. కొళాయి కట్టేస్తే 70 సెకన్లలో 50కి చేరి ఆగింది. 23 లీటర్లు 70 సెకన్లలో అంటే నిమిషానికి దాదాపు 20 లీటర్లు. మోటారు బలంగా ఉంది. దాన్ని బోరులోంచి కదిపే పని లేదు.

గేజ్‌కి పరిమితి కూడా ఉంది, అది దాచను. అన్ని కొళాయిలూ కట్టేసినా ముల్లు 42 దగ్గరే ఆగిపోయి, మోటారు ఆగకుండా తిరుగుతూ ఉంటే మోటారులో నీళ్ళను నెట్టే చక్రాలు (ఇంపెల్లర్లు) అరిగి ఉండొచ్చు, బోరులో నీటిమట్టం దిగిపోయి ఉండొచ్చు, లోపలి పైపుకు కన్నం పడి ఉండొచ్చు, వోల్టేజీ తక్కువ ఉండొచ్చు. ఏదో గేజ్ చెప్పదు. అక్కడ క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూడాలి, నీటిమట్టం కొలవాలి. అప్పుడు మోటారు తీయాలన్నా అర్థం ఉంటుంది. ఇంకొకటి, ధార తగ్గిందని ప్రెషర్ స్విచ్ మూత తీసి పెద్ద నట్టు బిగించే అలవాటు కొందరికి ఉంది. దయచేసి వద్దు. మూత తీస్తే లోపల కరెంటు పారే భాగాలు తెరిచే ఉంటాయి. పైగా సెట్టింగ్ పెంచితే ట్యాంకు గాలి కూడా దానికి తగ్గట్టు మార్చాలి. ఫిల్టర్ మూసుకుపోయిన ఇంట్లో స్విచ్ పెంచితే మోటారుకు శ్రమ తప్ప మనకు నీళ్ళు రావు.

వస్తువులో లోపాలు ఉన్నాయి. లోపలి కేజీల స్కేలు అంకెలు మరీ చిన్నవి, లేత ఎరుపు. అత్తయ్యకు కాదు కదా, నాకే కళ్ళద్దాలు కావాలి. రెండో గేజ్ కొత్తలో సున్నా దగ్గర సరిగా కూర్చోలేదు. పైన ఉన్న రబ్బరు బిరడా కొంచెం ఎత్తి వదిలితే లోపల పట్టిన ఒత్తిడి పోయి ముల్లు చోటుకొచ్చింది. ఈ మాట డబ్బాలోని కాగితంలో ఎక్కడా లేదు. అదే బిరడా దగ్గర గ్లిజరిన్ కాస్త చెమ్మ కారుతోంది కూడా. అడాప్టర్‌తో ఇచ్చిన వాషరు పలచన, మొదటి రోజే కారింది, మందంది వేశాను. 5కి 4 ఇస్తాను.

రాత్రి చివరి కొళాయి కట్టాక అంకె చూసి, పొద్దున్నే ఎవరూ లేవకముందు మళ్ళీ చూడటం దీనితో నాకు వచ్చిన అలవాటు. మొదటిసారి 48 కాస్తా 34 అయింది. మర్నాడు రాత్రి ట్యాంకు దాటాక ఉన్న వాల్వ్ కట్టేసి చూస్తే ముల్లు కదల్లేదు. అంటే నీళ్ళు వెనక్కి బోరులోకి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ బాగుంది, లీకు ఇంట్లోనే ఉంది. వెతికితే కింది బాత్రూం ఫ్లష్ ట్యాంకు రాత్రంతా సన్నగా కారుతోంది.

ఇప్పుడు రెండో గేజ్ వాషింగ్ మెషిన్ పక్కన మేకుకు వేలాడుతుంది. నెలకోసారి షవర్ తిప్పి రెండు చోట్లా చూసి మా అమ్మాయి ఫిల్టర్ పక్క గోడ మీద పెన్సిలుతో రాస్తుంది. తేడా 10 దాటితే క్యాట్రిడ్జ్ మార్చాలని మేమనుకున్న హద్దు. నిన్న రాసింది: ముందు 44, తర్వాత 40.