బెటర్ కాల్ సాల్: నాలుగోసారి చూశాక

కథ తెలియనివారు ఇక్కడితో ఆపేయడం మంచిది, ఎందుకంటే నేను రాయబోయేదంతా ముగింపు గురించే. 2015లో మొదలై 2022 ఆగస్టులో 63వ ఎపిసోడ్‌తో ముగిసిన ఈ అమెరికన్ టీవీ సీరియల్‌ను రెండుసార్లు నేనొక్కడినే పూర్తిగా చూశాను. మరో రెండుసార్లు గుంటూరులో మా ఇంట్లో శనివారం రాత్రి జరిగే బైబిలు కూడికలో, ఎంచుకున్న ఘట్టాలను ఆపి ఆపి, ఇంగ్లీషు రానివారికి తెలుగులో చెబుతూ చూపించాను. నటన గురించీ, అమెరికాలోని ఆల్బకర్కీ ఊరి ఎడారిని చూపించిన తీరు గురించీ ఇప్పటికే చాలామంది రాశారు కనుక నేను ఒక్క ఘట్టం దగ్గరే ఆగుతాను.

చివరి ఎపిసోడ్‌లో వకీలు సాల్ గుడ్‌మన్ తన మాటకారితనంతో ప్రభుత్వ న్యాయవాదుల్ని లొంగదీసి, యావజ్జీవం పడవలసిన శిక్షను సుమారు ఏడేళ్లకు దించుకుంటాడు. అంత బేరం ఆడినవాడు, మాజీ భార్య కిమ్ తన తప్పును రాతపూర్వకంగా ఒప్పుకున్నదని తెలిశాక, నిండు కోర్టులో ఆమె వింటుండగా ఆ బేరాన్ని తానే చెడగొట్టుకుని 86 ఏళ్ల శిక్ష నెత్తిన వేసుకుంటాడు. మాదకద్రవ్యాల వ్యాపారంలో తన పాత్ర చెప్పాక, ఎవరూ అడగకుండానే అన్న చక్ సంగతి ఎత్తుతాడు. మూడో సీజన్లో బీమా కంపెనీ ఆఫీసులో కన్నీళ్లు పెట్టుకుంటూ, అన్న మతిస్థిమితం గురించి నోరు జారినట్టు నటించి, బయటికి రాగానే ముఖం మార్చేసిన సంగతి అది. దానివల్లే చక్ వృత్తికి దూరమై చివరికి ప్రాణం తీసుకున్నాడు. చక్ విషయం అసలు నేరమే కాదు కదా అని తరువాత తోటి వకీలు అంటే, కాదు, నేరమేనంటాడు సాల్.

ఆ ఒక్క మాట కోసం నేను ఆరు సీజన్లు మళ్లీ చూడగలను. చట్టం పట్టుకోలేనిదాన్ని పాపమని పేరు పెట్టి పిలవడం ఎలాగో ఇంత సూటిగా చూపించిన టీవీ కథ నాకు మరొకటి తారసపడలేదు. బైబిలులో పాపం దాచిన రాజు దావీదుకు ప్రవక్త నాతాను “ఆ మనుష్యుడవు నీవే” అని వేలు చూపించవలసి వచ్చింది. ఇక్కడ వేలు చూపించినవాడూ, తల దించుకున్నవాడూ ఒక్కడే.

ఆ ఘట్టం చూపించిన రాత్రి మాలో అందరికన్నా పెద్దావిడ ఒకరు, అప్పటిదాకా కునుకు తీస్తున్నారనే అనుకున్నాను, ఉన్నట్టుండి అన్నారు: “ఆ అబ్బాయి అన్న పేరు చెప్పాడయ్యా. మన సాక్ష్యాల్లో పేర్లుండవు.” ఎవరూ మాట్లాడలేదు. నేనైతే టీ కప్పులు తీసే నెపంతో వంటింట్లోకి వెళ్లిపోయాను. సాక్ష్యమంటే దేవుడు తనను ఎలా మార్చాడో విశ్వాసి కూడికలో చెప్పుకునే మాట. ఇరవై ఏళ్లుగా నేను చెబుతున్న సాక్ష్యంలో పేకాట ఉంది, తాగుడు ఉంది, పోయిన డబ్బు ఉంది. ఆ డబ్బు చెల్లెలి పెళ్లికి నాన్న దాచినదన్న మాట మాత్రం ఏనాడూ లేదు. పెళ్లి రెండేళ్లు వాయిదా పడిందన్న సంగతి ఆమెకు తెలుసు, ఎందుకో తెలియదు.

నెల తరువాత వెళ్లి చెప్పాను. సినిమాల్లోలాగా ఆమె ఏడవలేదు. “చెప్పావు, నీకు తేలికైంది అన్నయ్యా. నాకేమైంది?” అన్నది. అప్పుడు గుర్తొచ్చింది, కిమ్ కూడా, తానూ సాల్ కలిసి పరువు తీసిన తోటి వకీలు హోవార్డ్ భార్య ముందు ఒప్పుకోలు కాగితం పెట్టినప్పుడు ఆ విధవరాలి ముఖంలో ఓదార్పు కనిపించదు. మొదటిసారి చూసినప్పుడు నేను ఆ ఘట్టాన్ని సాగదీశారనుకున్నాను. బైబిలులో సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు; నేను అసలు మొత్తం ఇచ్చాను, అదీ మూడు దఫాలుగా. ఆమె లెక్కపెట్టి తీసుకుంది.

ఇంతకుముందు, సాల్ పాత్ర మొదట కనిపించిన సీరియల్ బ్రేకింగ్ బ్యాడ్ గురించి మా కూడికలో నేను చాలా పొగిడి మాట్లాడాను, “పాపమువలన వచ్చు జీతము మరణము” అన్న వాక్యానికి అంతకన్నా మంచి వ్యాఖ్యానం లేదన్నాను. ఆ మాటను ఇప్పుడు కొంత తగ్గించుకుంటున్నాను. మా యౌవనస్థులు అందులో మాదకద్రవ్యాలు తయారుచేసే కథానాయకుడు వాల్టర్ వైట్ చావును కాక అతని నల్లటోపీని గుర్తుపెట్టుకున్నారు, ఒకడు దాన్ని ఫోను తెరమీద కూడా పెట్టుకున్నాడు. ఇదంతా నా కోసమే చేశానని చివర్లో భార్యతో అతను ఒప్పుకోవడం నిజమైన ఒప్పుకోలే; కానీ “ఒప్పుకొని విడిచిపెట్టువాడు” అని బైబిలులోని సామెతల గ్రంథం చెప్పిన రెండో సగం అందులో చాలా ఆలస్యంగా, తుపాకుల మోతలో వస్తుంది. నా వరకు దానికన్నా నాలుగో సీజన్లో వాల్టర్ భాగస్వామి జెస్సీ, తాను చేసిన హత్యను కుక్కను చంపిన కథగా మార్చి వ్యసన విముక్తి కూడికలో చెప్పుకునే ఘట్టమే ఎక్కువ పనికొచ్చింది. నిన్ను నువ్వు అంగీకరించుకోవాలని నాయకుడు అంటే జెస్సీ మండిపడతాడు. ఏం చేసినా ఫరవాలేదంటే ఇక దేనికీ అర్థమేముందన్నది అతని కోపం. ఖరీదు లేని క్షమాపణ మీద ఆ కోపం మా పాస్టర్ గారికి కూడా నచ్చింది.

సాల్ విషయంలోనూ ఒక లోటు చెప్పకపోతే అబద్ధమవుతుంది. అతని ఒప్పుకోలు దేవుని ముందు కాదు, కిమ్ ముందు. 86 ఏళ్లూ అతను తానే చెల్లిస్తాడు. యేసు పక్కన సిలువ మీది దొంగకు ఆ రోజే దొరికిన క్షమాపణ ఆ కోర్టులో ఎవరికీ దొరకదు. విమోచన అంటే ఏమిటని అడిగేవారికి ఈ సీరియల్ సగం దూరమే తీసుకెళ్తుంది, మిగతా సగం వాక్యంలోంచి మనమే చెప్పుకోవాలి.

నా పిల్లలు పెద్దవాళ్లు, ఇంట్లో ఉండేది నేనూ నా భార్యా కనుక మాకు ఇబ్బంది లేకపోయింది. చిన్నపిల్లలున్న ఇంట్లో, బూతులూ నెత్తురూ భరించలేనివారితో కూర్చుని చూడమని మాత్రం చెప్పను. కూడికలో వాడదలచుకున్నవారు కోర్టు ఘట్టం, బీమా ఆఫీసు ఘట్టం, ఈ రెండే చూపించినా చాలు. చూపించేముందు ఎవరి సాక్ష్యం వారు ఒకసారి తిరగేసుకుంటే మంచిది. నేను ఆ పని చేయలేదు.