ఎనిమిది నెలల రైస్ కుక్కర్ కాపురం: విజిల్స్ గోల తీరింది, నీళ్ళ గోల మిగిలింది

మా ఇంట్లో పొద్దున్నే రోజూ వినపడే ప్రశ్న ఒకటుండేది. "ఏమండీ, ఎన్ని విజిల్స్ వచ్చాయి?" నేను స్నానంలో ఉంటాను, ఆవిడ పిల్లకి జడ వేస్తూ ఉంటుంది, పిల్లాడు రెండంటాడు, పిల్ల మూడంటుంది, పైగా పక్క ఫ్లాట్ వాళ్ళ కుక్కర్ కూడా సరిగ్గా అదే టైముకి కూస్తుంది కాబట్టి అందులో మనవెన్నో వాళ్ళవెన్నో ఎవరికీ తెలీదు. తక్కువకి కట్టేస్తే పలుకు, ఎక్కువైతే ముద్ద. బాక్సులో ముద్దన్నం పెడితే పిల్లాడు అలాగే వెనక్కి తెస్తాడు. ఈ టెన్షన్ పడలేక మొన్న సంక్రాంతి తర్వాత ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ కొన్నాం. కొన్న వారానికే రివ్యూ రాస్తే ఐదు స్టార్లు ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు ఎనిమిది నెలలు వాడాను కాబట్టి కొంచెం నిజం రాయగలను.

వస్తువు మామూలుదే. 1.8 లీటర్లు, 700 వాట్లు, అల్యూమినియం గిన్నె, గాజు మూత, ముందు ఒకే ఒక్క మీట. కింద నొక్కితే వండుతుంది, అయ్యాక దానంతటదే పైకి లేచి వేడిగా ఉంచుతుంది. కంపెనీ పేరు రాయడం లేదు, తిట్టేవి కొన్ని ఉన్నాయి, ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు ఇలాంటివే కూడా.

ముందు ఇదెలా పనిచేస్తుందో చెప్పాలి, ఎందుకంటే నా ఇబ్బందులన్నీ అక్కడే ఉన్నాయి. గిన్నె తీసి చూస్తే కింద ప్లేటు మధ్యలో స్ప్రింగ్ మీద ఒక గుండ్రటి బిళ్ళ కనిపిస్తుంది, దాన్లో అయస్కాంతం ఉంటుంది. గిన్నెలో నీళ్ళున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. బియ్యం ఆ నీళ్ళన్నీ పీల్చుకోగానే వేడి పైకి లేస్తుంది, 103 డిగ్రీల ప్రాంతంలో ఆ అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, మీట టక్కున లేస్తుంది. అంతే. దానికి అన్నం ఉడికిందో లేదో తెలీదు, నీళ్ళు అయిపోయాయని మాత్రం తెలుసు. మన పెద్దవాళ్ళు అత్తెసరు పెట్టడం అంటారే, వార్చే పని లేకుండా సరిపోయేంత ఎసరే పోసి ఇగిరేదాకా ఉంచడం, ఇది అదే. కాకపోతే పొయ్యి దగ్గర నిలబడే మనిషి బదులు అయస్కాంతం నిలబడుతుంది.

1955లో జపాన్‌లో తోషిబా వాళ్ళు మొదటి ఆటోమేటిక్ రైస్ కుక్కర్ అమ్మినప్పుడు రెండు గిన్నెల పద్ధతి ఉండేది, బయటి గిన్నెలో కొలిచి పోసిన నీళ్ళు ఆవిరైపోగానే స్విచ్ ఆఫ్ అయ్యేది. దాన్ని తయారుచేసిన మినామీ అనే ఆయన ఇంట్లో అన్నాలు వండి వండి ప్రయోగాలు చేసింది ఆయన భార్య ఫుమికో అట. నాకేం ఆశ్చర్యం వేయలేదు.

సరే, నీళ్ళు ఎన్ని పోయాలి అనేది మనమే చెప్పాలి కదా. పెట్టెతో పాటు ఒక ప్లాస్టిక్ కప్పు ఇస్తారు, దాని కొలత 180 మిల్లీలీటర్లు, జపాన్ వాళ్ళ పాత కొలత అది. మన గ్లాసు ఎక్కడ, ఆ కప్పు ఎక్కడ. మొదటి రోజు మా ఆవిడ ఆ కప్పుతో బియ్యం కొలిచి, స్టీలు గ్లాసుతో నీళ్ళు పోసింది, ఆ రోజు మేము తిన్నది అన్నం కాదు, జావ. రెండోరోజు కప్పుకి రెండు కప్పులు పోశాం. అయినా ముద్దే. తప్పు కుక్కర్‌ది అనుకుని షాపుకి ఫోన్ చేస్తే అతను విసుక్కుంటూ "సార్, బియ్యం కొత్తవా పాతవా?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, సంక్రాంతికి ఊరి నుంచి తెచ్చిన మూట, అప్పుడే మిల్లు పట్టించిన కొత్త పంట. మాది బాపట్ల వైపు, తినేది బీపీటీ. సాంబ మసూరి అని పేరున్నా మా వైపు ఎవరూ ఆ పేరుతో పిలవరు, బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైంది కాబట్టి ఊరి మీద అభిమానమో ఏమో బీపీటీ 5204 అని నంబరుతో సహా చెబుతారు. ఎంత మంచి బియ్యమైనా కొత్తవైతే తక్కువ నీళ్ళే తాగుతాయి, పాతబడే కొద్దీ ఎక్కువ తాగి పొడిపొడిగా విచ్చుకుంటాయి. కప్పుకి కప్పున్నర దాటి కొంచెం, అంతే పోయడం మొదలుపెట్టాక దారికొచ్చింది.

ఏప్రిల్‌లో ఆ మూట అయిపోయి షాపులో ఏడాది పాత బియ్యం తెచ్చాం. అదే కొలతతో పెడితే పలుకులు పలుకులుగా వచ్చింది, రెండున్నర కప్పులకి పెంచాల్సి వచ్చింది. మామగారికి షుగర్ కాబట్టి ఆయన వచ్చినప్పుడు తెలంగాణ సోనా తెచ్చుకుంటారు, రాజేంద్రనగర్‌లో తయారైన ఆర్ఎన్ఆర్ 15048, గింజ చాలా సన్నం, దానికి మళ్ళీ నీళ్ళు తగ్గించాలి. దంపుడు బియ్యం అయితే గంట నానబెట్టి మూడింతలు పోస్తే గానీ పని అవ్వదు. గిన్నె లోపల గీతలుంటాయి కదా, వాటిని నమ్మి మోసపోకండి. కొత్త మూట విప్పినప్పుడల్లా రెండు మూడు రోజులు ప్రయోగం తప్పదు.

ఇక లోపాలు. బియ్యం సరిగ్గా కడక్కపోయినా, గిన్నె సగం దాటి నింపినా, మూతకున్న చిల్లులోంచి గంజి చిమ్ముతుంది, ప్లాట్‌ఫామ్ అంతా జిగురు, ఆరిపోతే గీకాలి. మూడు నీళ్ళు కడిగి ఇరవై నిమిషాలు నానబెట్టి, ఒక్క చుక్క నూనె వేస్తే చాలా వరకు తగ్గుతుంది. రెండోది, ఒకరోజు అన్నం సగం పలుకు, అడుగున మాడు, రెండూ ఒకేసారి. ఇదెలా సాధ్యమని గిన్నె ఎత్తి చూస్తే ప్లేటు మీద ఎండిపోయిన మెతుకు ఒకటి అతుక్కుని ఉంది, గిన్నె సరిగ్గా కూర్చోలేదు. ఒక్క మెతుకు! అప్పట్నుంచి గిన్నె అడుగు పొడిబట్టతో తుడిచి, ప్లేటు చూసి పెడుతున్నాం. ఆ వేడిగా ఉంచే సదుపాయం గురించి మాత్రం ఆశలు పెట్టుకోకండి. గంట రెండు గంటలు బాగానే ఉంటుంది, పొద్దున వండింది మధ్యాహ్నం దాకా అలా వదిలేస్తే అంచులన్నీ పసుపు తిరిగి, ఎండిపోయి, అదొక రకం వాసన. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో రెండుసార్లు తిని, ఇంక మీట లేవగానే పది నిమిషాలు మగ్గనిచ్చి ప్లగ్ పీకేయడం అలవాటు చేసుకున్నాను.

మెచ్చుకోవాల్సింది ఒకటి చెప్పాలి. మధ్యలో కరెంటు పోతే, ఈ మీట రకం వాటిలో అయస్కాంతం మీటని పట్టుకునే ఉంటుంది కాబట్టి కరెంటు రాగానే మళ్ళీ మొదలవుతుంది, మనం నొక్కక్కర్లేదు. కాకపోతే కరెంటు గంట తర్వాత వస్తే ఆ అన్నం పొంగలికి తప్ప దేనికీ పనికిరాదు.

మే నెలలో అమ్మ వచ్చింది. రైస్ కుక్కర్‌ని రెండు రోజులు అనుమానంగా చూసింది, ఉడుకుతుంటే మధ్యలో మూత తీయబోయింది, వద్దమ్మా ఆవిరి పోతుందంటే "దీనికేం తెలుసురా మెతుకు పట్టి చూడ్డం" అంది. నేను నాలుగు పేరాలు రాసి చెప్పిన విషయం ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. మూడోరోజు నుంచి గిన్నె పొయ్యి మీదకెక్కింది. ఎసరు బాగా మరుగుతుంటే కడిగిన బియ్యం పోసి, గరిటెతో ఒకసారి కలిపి, పావుగంట అవకుండానే ఒక మెతుకు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతుంది. మధ్యలో సన్నటి తెల్ల చుక్క ఇంకా కనిపిస్తుండగానే దించేస్తుంది, పూర్తిగా ఉడికాక వారిస్తే చిమిడిపోతుందట. మూత బిగించి, రెండు వైపులా మసిగుడ్డ పట్టుకుని, సింకులో పెట్టిన గిన్నెలోకి వంచి, ధార సన్నబడి చుక్కలయ్యేదాకా కదలకుండా నిలబడుతుంది. తర్వాత సన్నని సెగ మీద రెండు నిమిషాలు. ఆ అన్నం చూస్తే మెతుకు మెతుకూ లెక్కపెట్టొచ్చు, కొత్తావకాయ వేసి కలిపితే నూనె ప్రతి మెతుక్కీ పడుతుంది. రైస్ కుక్కర్‌లో ఇలా ఒక్కసారీ రాలేదు, ఎందుకంటే దాన్లో గంజి ఎక్కడికీ పోదు, అన్నంలోనే ఇంకుతుంది.

గంజితో పాటు బి విటమిన్లు కొన్ని పోతాయన్న మాట నిజమే. కానీ మా ఇంట్లో ఆ గంజి పారబోసిందెప్పుడు? ఉప్పు, మజ్జిగ వేసుకుని ఎండలో నుంచి వచ్చిన వాళ్ళం తాగేశాం, మిగిలింది అమ్మ నేత చీరలకి వెళ్ళింది. అదంతా చేయడానికి వంటింట్లో మనిషి నిలబడి ఉండాలి, ఎనిమిదింటికి స్కూలు బస్సు ఉన్న ఇంట్లో ఆ మనిషి ఎవరు? మా ఆవిడా ఉద్యోగానికి వెళ్తుంది, నేనూ వెళ్తాను. జూన్‌లో అమ్మ ఊరికి వెళ్ళగానే మళ్ళీ మీటే.

ప్రెషర్ కుక్కర్‌ని మరీ అంత తిట్టడం కూడా అన్యాయం. లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి అన్నం, పప్పు రెండూ ఒకే కుక్కర్‌లో, కింద గిన్నెలో కందిపప్పు, పై గిన్నెలో బియ్యం పెట్టేస్తే ఒకే మంట మీద అయిపోతాయి. రైస్ కుక్కర్‌లో ఆ సుఖం లేదు, పప్పుకి మళ్ళీ స్టవ్ వెలిగించాల్సిందే, అంటే విజిల్స్ గోల పూర్తిగా పోలేదన్నమాట, పప్పు ఒక విజిల్ ఎక్కువైనా ఎవరూ ఏడవరు అంతే తేడా. టైము కూడా ఏం మిగల్లేదు, ప్రెషర్ కుక్కర్ పావుగంటలో తేల్చేసేది దీనికి అరగంట. మిగిలింది ఒకటే, అన్నం దగ్గర చెవి పెట్టుకుని ఉండక్కర్లేదు. డాలస్‌లో మా చెల్లెలు ఇన్‌స్టంట్ పాట్ వాడుతుంది, అది ప్రెషరూ కరెంటూ రెండూ కలిసింది, దాని గొప్పలు వీడియో కాల్‌లో వినడమే. మైక్రోవేవ్‌లో అన్నం బ్యాచిలర్‌గా ఉన్నప్పుడు వండాను, దాని గురించి మాట్లాడుకోవడం అనవసరం.

కరెంటు ఖర్చు అడిగేవాళ్ళకి: 700 వాట్లు అరగంట అంటే 0.35 యూనిట్, రోజుకి రెండుసార్లు పెట్టినా నెలకి 21 యూనిట్లు. మీ స్లాబు ఏదో చూసుకుని లెక్కేసుకోండి. గ్యాస్ సిలిండర్ మాకు వారం పది రోజులు ఎక్కువ వస్తోంది.

నా మార్కులు ఐదుకి మూడున్నర. ఒక మార్కు వేడిగా ఉంచడానికి కోశాను, అర మార్కు ఆ చిమ్ముడికి. నలుగురున్న ఇంటికి ఒక లీటరుది చాలంటారు షాపులో, వినకండి, 1.8 తీసుకుంటేనే సగానికి వండుకుని ప్లాట్‌ఫామ్ శుభ్రంగా ఉంచుకోగలరు. అల్యూమినియం నచ్చకపోతే స్టీలు గిన్నెవీ దొరుకుతున్నాయి, అడుగు కొంచెం ఎక్కువ అంటుకుంటుందని మా కొలీగ్ అంటాడు, నేను వాడలేదు. బియ్యానికీ నీళ్ళకీ ఇంట్లో ఉన్న ఒకే గ్లాసు వాడండి. మా ప్లాస్టిక్ కప్పు ఇప్పుడు కందిపప్పు డబ్బాలో ఉంది, అక్కడ బాగానే పనికొస్తోంది.