విమానాల ఫొటోలకు ఓర్వకల్లా, దేవనహళ్ళా?

కర్నూల్లో విమానాల ఫొటోలు తీసే మా నలుగురికీ సెలవొస్తే ఇదే చర్చ.

ఖర్చు చూస్తే మన కర్నూలు విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లుకు బైకులో లీటరు పెట్రోలు చాలు, టిఫిన్ వేళకు ఇల్లు చేరొచ్చు. బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్ళి మూడొందల కిలోమీటర్ల పైమాటే. బస్సు చార్జీలు, బస, రెండు రోజులు.

దొరికేవి చూస్తే దేవనహళ్ళిదే పైచేయి. నిమిషాల తేడాతో విమానాలు. 2022 అక్టోబరు నుంచి ఎమిరేట్స్ వాళ్ళ రెండంతస్తుల భారీ విమానం ఏ380 కూడా వస్తోంది, పొడవు 72 మీటర్ల పైనే. 2021 మార్చిలో మొదలైన మన విమానాశ్రయంలో ఎక్కువగా 27 మీటర్ల చిన్న ప్రొపెల్లర్ విమానాలు ఏటీఆర్ 72లే, అవీ వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని.

కానీ పనితనం నేర్పేది ఆ ఏటీఆరే. కెమెరా షట్టర్ వేగం 1/1000 సెకను పెడితే ఆరు రెక్కల ప్రొపెల్లర్ బిగుసుకుపోయి, ఇంజను ఆగిన విమానంలా కనిపిస్తుంది. 1/160కి దించితే గిర్రున తిరుగుతున్నట్టు వస్తుంది, కాకపోతే చెయ్యి విమానంతో పాటే సాగాలి. మొన్న నేను తీసిన నలభైలో పదునుగా వచ్చినవి రెండే. ఆ రెండింటి మీదే మావాళ్ళు గంటసేపు మాట్లాడారు!

మన ఎండ సంగతి మరవొద్దు. పొద్దెక్కితే రన్‌వే సెగకు తోక దగ్గర మన దేశపు విమానాల రిజిస్ట్రేషన్ గుర్తు 'వీటీ' అక్షరాలు అలల్లా వంకర పోతాయి. ఎంత ఖరీదు లెన్సయినా దాన్ని సరిచేయలేదు.

ఎక్కడైనా కంచె బయటే నిలబడాలి, గార్డు వద్దంటే కెమెరా సర్దేయాలి.

కొత్తగా కెమెరా కొన్నవాళ్ళు ఓర్వకల్లుకే రండి. చెయ్యి కుదిరాక, రెండు రోజుల సెలవు దొరికితే దేవనహళ్ళి బస్సెక్కండి.