నాలుగేళ్ల వాడకం: కెమెరా బాడీకి వంక లేదు, లెన్సుల దగ్గరే చిక్కు

హన్మకొండలో పెళ్లిళ్ల ఫొటోలు తీయడం నా పని. ఈ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) మిర్రర్‌లెస్ కెమెరా కొని నాలుగేళ్లు దాటింది. బాడీని తిట్టడానికి పెద్దగా ఏమీ లేదు. పెళ్లికూతురు తల వంచినా ఫోకస్ కన్ను వదలదు. బ్యాటరీలు మాత్రం పెళ్లికి నాలుగు మింగుతుంది. బాధంతా లెన్సులతోనే.

కంపెనీ లెన్సుల పట్టిక నిండుగానే ఉంటుంది, నేనూ అది చూసే పడిపోయాను. తీరా దిగాక తెలిసింది: ఒక పక్క జూమ్ చేస్తే అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం, అంకె పెరిగితే వెలుతురు తగ్గుతుంది) 6.3కి పడిపోయే చవక లెన్సులు, ఇంకో పక్క ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాల కోసం చేసిన బరువైన లెన్సులు. క్రాప్ సెన్సర్‌కే కొలిచి చేసిన 50–135 ఎంఎం, 2.8 అపర్చర్ జూమ్ లాంటిది లేనే లేదు.

జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఆ లోటు తెలుస్తుంది. అద్దెకు తెచ్చిన 70–200 నా బాడీ మీద ఒకటిన్నర రెట్లయి 105–300లా, అంటే మరీ దగ్గరగా చూస్తుంది. ఇద్దరి తలలూ, వాటి మీది చేతులూ ఒకే ఫ్రేములో పట్టాలంటే మండపం దిగి మొదటి వరుస కుర్చీల వెనక్కి పోవాలి. అక్కడికి పోయేసరికి నా ముందు పది ఫోన్లు లేస్తాయి. పోనీ 33 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) తగిలించి దగ్గరికి పోతే వెనక నుంచి పెద్దమ్మ కేక: "తమ్మీ, జర పక్కకు జరుగు, పిల్ల కనవడ్తలేదు!" ఆమె అన్నదీ న్యాయమే. పైగా ఆ 70–200 కిలోకు పైనే, అప్పగింతల వేళకు మణికట్టు పని చేయదు.

సెలవు దొరికి రామప్పకు పోతే వైడ్ (ఎక్కువ వెడల్పు పట్టే) లెన్సుల వైపు కూడా ఇదే గోస. 1213లో కట్టిన ఆ గుడి రంగమండపంలో నల్లరాతి స్తంభాలు వెలుతురంతా తాగేస్తాయి. ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి కావాలి కాబట్టి చేత్తోనే తీయాలి. నా అల్ట్రా వైడ్ జూమ్‌తో 5.6 దగ్గర ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం, పెంచితే ఫొటో గరుకవుతుంది) 6400 పెట్టక తప్పలేదు, చెక్కడం అంచులన్నీ అలుక్కుపోయాయి. 2.8 ఉంటే అదే షట్టర్ వేగానికి 1600 సరిపోయేది. బయట చూరు కింది మదనికలనే స్త్రీ శిల్పాలకు చవక టెలీ (దూరానివి దగ్గరగా చూపే) జూమే చాలు, ఎండ పుణ్యాన.

2024 మేడారం జాతరలో ఇంకోటి తెలిసొచ్చింది. నా దగ్గరున్న జూమ్‌లేవీ దుమ్ముకు తట్టుకునేవి కావు. అద్దం లేని కెమెరా, లెన్స్ విప్పితే సెన్సర్ నేరుగా గాలికే. రోజంతా ఒక్క లెన్స్‌తోనే నెట్టుకొచ్చాను, అయినా ఆకాశంలో మూడు మచ్చలు.

అడాప్టర్‌తో పాత డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులూ పెట్టి చూశాను. ఫొటోలకు ఫరవాలేదు, వీడియోలో మోటరు గురగుర మైకులో పడుతుంది.

నన్ను ఒడ్డున పడేసింది సిగ్మా 18–50, 2.8. బరువు 300 గ్రాములకు అటూఇటూ, సగం పెళ్లి దాంతోనే అయిపోతుంది. కానీ నా బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) లేదు కాబట్టి బరాత్ వీడియోకు గింబల్ (కెమెరాను కుదుపు లేకుండా పట్టే పిడి) తప్పదు.

ఇంట్లో పిల్లల ఫొటోలకైతే ఈ సిస్టమ్‌ను కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. పెళ్లిళ్లకైతే 50–135 వచ్చేదాకా నేనెవరికీ చెప్పను. మాఘమాసం ముహూర్తాలకు 70–200 కావాలని అద్దె కొట్టు అన్నకు నిన్ననే చెప్పి పెట్టాను.