సొంత ఫోన్‌లో ఆఫీసు పని: ఆరేళ్లు వర్క్ ప్రొఫైల్ వాడాక

ఆఫీసు మెయిల్ నా సొంత ఫోన్‌లో పెట్టుకుని ఎనిమిదేళ్లు దాటింది. మొదటి రెండేళ్లు మామూలు మెయిల్ యాప్‌లోనే అకౌంట్ కలిపేసి వాడాను. తర్వాతి ఆరేళ్లు, ఇప్పటి వరకూ, ఆండ్రాయిడ్‌లోని వర్క్ ప్రొఫైల్‌తో, అంటే ఆఫీసు యాప్‌లను సొంతవాటి నుంచి విడిగా ఉంచే ఏర్పాటుతో, వాడుతున్నాను. ముందుగా ఆ మొదటి రెండేళ్లు ఎలా ముగిశాయో చెప్పాలి.

అకౌంట్ కలిపిన రోజు ఒక స్క్రీన్ వచ్చింది. ఈ యాప్‌కి ఏయే అధికారాలు ఇస్తున్నారో వరుసగా ఉంది. అందులో మొదటిదే 'మొత్తం డేటాను చెరిపివేయడం'. చదివాను కూడా. మెయిల్ తొందరలో ఉండి 'యాక్టివేట్' నొక్కేశాను. రెండేళ్ల తర్వాత ఆ ఉద్యోగం మానేశాను. మానేసిన వారంలోనే ఒక సాయంత్రం ఫోన్ దానంతట అదే ఆఫ్ అయి, కొత్తగా కొన్న ఫోన్‌లా భాష ఎంచుకోమంటూ తెరుచుకుంది. ఫొటోలు క్లౌడ్‌లో ఉన్నాయి, తిరిగి వచ్చాయి. కానీ ఫొటోల బ్యాకప్‌లోకి వాయిస్ రికార్డింగులు వెళ్లవు. మా నాయనమ్మ తన చిన్ననాటి సంగతులు చెబుతుంటే రికార్డ్ చేసుకున్నవి పదిహేను దాకా ఉండేవి. అప్పటికి ఆవిడ పోయి నాలుగు నెలలైంది.

పాత ఆఫీసు ఐటీ విభాగానికి ఫోన్ చేశాను. "అకౌంట్ మూసేటప్పుడు వైప్, అంటే డేటా చెరిపేసే ఆదేశం, కూడా పంపిస్తామండీ. అది ఫోన్ మొత్తానికి వర్తిస్తుంది. మీరు అనుమతి ఇచ్చారు కదా" అన్నాడు ఆ అబ్బాయి. నిజమే, ఇచ్చాను. కానీ ఆ ఒక్క బటన్ వెనక ఇంత ఉందని ఒక మనిషి నాకు నోటితో చెప్పి ఉంటే, ఆ రికార్డింగులు ముందే ఇంకోచోట దాచుకునేవాళ్లం.

ఆ అధికారాన్ని 'డివైస్ అడ్మిన్' అంటారు. ఆఫీసు ఫోన్ల నిర్వహణకు ఇది ఇక తగదని 2018లో ఆండ్రాయిడ్ 9తో గూగుల్ ప్రకటించింది. అయినా అనుమతి ఇచ్చిన యాప్ చేతిలో చెరిపే శక్తి అలాగే ఉంటుంది. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో 'డివైస్ అడ్మిన్ యాప్‌లు' అని వెతికి, అక్కడ ఆఫీసు మెయిల్ యాప్ ఉందేమో ఇవాళే చూసుకోండి.

తర్వాతి కంపెనీలో వర్క్ ప్రొఫైల్ ఇచ్చారు. ఇది 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచీ ఉన్నదే. ఒకే ఫోన్‌లో రెండు గదులు అనుకోండి. ఆఫీసు గదిలోని యాప్‌ల మీద చిన్న బ్యాగ్ గుర్తు ఉంటుంది. వాటి ఫైళ్లు, కాంటాక్టులు, ప్లే స్టోర్ అన్నీ వేరు. ఆ గదిని మాత్రమే కంపెనీ చూడగలదు, తాళం వేయగలదు, ఖాళీ చేయగలదు. నా ఫొటోలు, మెసేజ్‌లు, కాల్ చరిత్ర, సొంతంగా వేసుకున్న యాప్‌లు వాళ్లకు కనబడవు. ఫోన్ మోడల్, ఓఎస్ వెర్షన్, సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కనబడతాయి. ఫోన్ మొత్తానికి గట్టి స్క్రీన్ లాక్ పెట్టమని అడిగే హక్కు కూడా వాళ్లకు ఉంది. అది నాకు న్యాయంగానే అనిపించింది. ఐఫోన్ వాడేవాళ్లకు 2019లో ఐఓఎస్ 13తో 'యూజర్ ఎన్‌రోల్‌మెంట్' అనే దాదాపు ఇలాంటి ఏర్పాటే వచ్చింది. నేను దాన్ని వాడలేదు.

రోజువారీ వాడకంలో నాకు బాగా నచ్చింది 'పాజ్' స్విచ్. సాయంత్రం పని అయ్యాక నొక్కితే ఆఫీసు యాప్‌లన్నీ బూడిద రంగులోకి మారి నిద్రపోతాయి. మెయిల్ రాదు, చాట్ మోగదు. లొకేషన్‌కి కూడా ఆఫీసు గది వరకూ విడిగా స్విచ్ ఉంది, నేను దాన్ని మొదటి రోజు నుంచీ ఆఫ్‌లోనే ఉంచాను. ఆఫీసు మెయిల్‌లోంచి కాపీ చేసింది సొంత యాప్‌లో పేస్ట్ కాకపోవడం మొదట్లో విసుగు తెప్పించింది. నెల తిరిగేసరికి అలవాటైంది.

ఇక లోపాలు. గోడ గట్టిదే కానీ దాన్ని దాటించేది మన చేతులే. మీటింగ్‌లో బోర్డు మీద రాసింది ఫొటో తీస్తాం. అలవాటుగా నొక్కేది సొంత కెమెరానే. ఆ ఫొటో సొంత గ్యాలరీలోకి, అక్కడి నుంచి సొంత క్లౌడ్‌లోకి, ఇంట్లో వాళ్లతో పంచుకున్న ఆల్బమ్ ఉంటే అందులోకి కూడా వెళ్లిపోతుంది. ఒకసారి నా గ్యాలరీలో 'పాస్‌వర్డ్' అని వెతికితే ఆఫీసు సర్వర్ వివరాలున్న ఫొటోలు మూడు దొరికాయి. ఆ రోజు నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. ఆఫీసు గదిలోని కెమెరాతో తీస్తే ఫొటో అక్కడే ఉంటుంది. ఆ కెమెరాని హోమ్ స్క్రీన్ మీద ముందు వరుసలోకి తెచ్చుకున్నాకే ఈ తప్పు ఆగింది.

వాట్సాప్ గ్రూపులు దీనికన్నా పెద్ద కన్నం. ఎంత మంచి ఏర్పాటు ఉన్నా టీమ్ మొత్తం సొంత వాట్సాప్‌లోనే ఫైళ్లు పంపుకుంటుంటే ఏం లాభం? వాట్సాప్ బ్యాకప్‌ని కూడా ఎన్‌క్రిప్ట్ చేసుకునే, అంటే ఇతరులు చదవలేకుండా తాళం వేసుకునే, వీలు 2021లో వచ్చింది. నా ఫోన్‌లో దాన్ని నేనే ఆన్ చేయాల్సి వచ్చింది. మా గ్రూపులో ఎంతమంది ఆన్ చేశారని అడిగితే ఒక్కరూ చేయి ఎత్తలేదు. ఉద్యోగం మానేసినవాళ్ల ఫోన్లలో ఆ ఫైళ్లన్నీ అలాగే ఉంటాయి, కంపెనీ చెరిపేది ఆఫీసు గదినే కదా. 2022 సెప్టెంబర్‌లో అమెరికాలో పనిచేసే ఆర్థిక సంస్థలు పదహారింటికి అక్కడి నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 110 కోట్ల డాలర్లకు పైగా జరిమానా వేసింది. ఉద్యోగులు వ్యాపార విషయాలు సొంత ఫోన్లలో మెసేజ్‌లుగా పంపుకున్నారు, సంస్థలు వాటిని భద్రపరచలేదు అన్నదే కారణం. ఆ వార్త చూపించాకే మా మేనేజర్ గ్రూపుని మూయించి, ఆఫీసు చాట్‌లోకి అందరినీ మార్చారు.

లాగిన్ అనుమతుల సంగతి కూడా చెప్పాలి. ఒక రాత్రి రెండు గంటలప్పుడు నా ఫోన్‌లో 'మీరేనా లాగిన్ అవుతున్నది?' అనే అభ్యర్థన వరుసగా పదకొండు సార్లు వచ్చింది. నిద్రమత్తులో ఒక్కసారి 'అవును' నొక్కితే చాలు. ఉబర్‌లో 2022లో జరిగింది ఇదే. ఒక కాంట్రాక్టర్ సొంత పరికరంలో మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) చేరి, పాస్‌వర్డ్ బయటకు పోయి ఉండవచ్చని, తర్వాత పదేపదే వచ్చిన అభ్యర్థనల్లో ఒకదాన్ని ఆయన అంగీకరించారని ఆ కంపెనీయే చెప్పింది. నేను అన్నీ తిరస్కరించి, ఐటీ వాళ్లకు అప్పుడే ఫోన్ చేశాను. నా పాస్‌వర్డ్ నిజంగానే బయటకు పోయిందని పొద్దున తేలింది. 2023 మే నుంచి మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్‌లో స్క్రీన్ మీద కనిపించే అంకెను ఫోన్‌లో కొట్టడం తప్పనిసరి చేశారు. మీ ఆఫీసు వాడే యాప్‌లో ఇంకా ఉత్త 'అవును' బటనే ఉంటే, మార్చమని గట్టిగా అడగండి.

ఆఫీసు వైఫై విషయంలో నా నియమం ఒక్కటే. సొంత ఫోన్‌ని దానికి కలపను, మొబైల్ డేటాయే వాడతాను. గోడ ఫోన్ లోపల ఉంటుంది కానీ, వైఫైలో వెళ్లేటప్పుడు నా సొంత బ్రౌజర్ ఏయే సైట్లకు వెళ్తోందో నెట్‌వర్క్ నడిపేవాళ్లకు తెలిసే అవకాశం ఉంది. ఆ వైఫై కోసం ఏదైనా సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేయమంటే ఇంకా జాగ్రత్త. దాన్ని నమ్మే బ్రౌజర్‌లో పేజీల లోపలి విషయం కూడా ఆ నెట్‌వర్క్ నడిపేవాళ్లు చదవవచ్చు.

నాలుగో ఏడాదిలో నా ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. మూడు నెలలు చూసి కంపెనీ ఆఫీసు గదికి తాళం వేసింది. వాళ్ల వైపు నుంచి అది సరైన పనే, పాత ఫోన్ ద్వారా కంపెనీకే ముప్పు. కానీ కొత్త ఫోన్ ఖర్చు పూర్తిగా నా మీదే పడింది. ఇది ఇప్పటికీ నాకు మింగుడుపడదు. పని కోసం కొత్తది కొనమన్నప్పుడు కొంత భాగం వాళ్లు భరించాలి, లేదా ఆఫీసు ఫోన్ ఇవ్వాలి. కొనేటప్పుడు మాత్రం అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో చూసుకున్నాను. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 నుంచి గూగుల్, శామ్‌సంగ్ తమ ప్రధాన మోడళ్లకు ఏడేళ్లు ఇస్తామంటున్నాయి.

మొత్తం మీద, సొంత ఫోన్‌లో ఆఫీసు పని తప్పదనుకుంటే వర్క్ ప్రొఫైల్ లేకుండా నేను ఇక ఒప్పుకోను. దాంతో పాటు, ఏం చెరుపుతారు, ఏం చూస్తారు అన్నది మెయిల్‌లో రాసి ఇమ్మని అడుగుతాను.

పోయిన ఏడాది మళ్లీ కంపెనీ మారాను. చివరి రోజు సాయంత్రం, బ్యాగ్ గుర్తున్న యాప్‌లన్నీ నిమిషంలో మాయమయ్యాయి. వర్క్ ప్రొఫైల్‌ని తీసేశారని చిన్న నోటిఫికేషన్ వచ్చింది. వెంటనే రికార్డర్ తెరిచాను. ఈ ఆరేళ్లలో అమ్మ చేత చెప్పించుకుని దాచుకున్నవి అన్నీ ఉన్నాయి. ఒకటి పెట్టుకుని చివరిదాకా విన్నాను.