ఫెర్మీ లైట్ కర్వ్ రిపాజిటరీ: పీరియడ్ వెతికేవాళ్లకి ఎంతవరకు పనికొస్తుంది?

ఫెర్మీ అనే అంతరిక్ష గామా టెలిస్కోప్ డేటాతో చేసిన లైట్ కర్వులు, అంటే కాలంతోపాటు వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫులు, దొరికే వెబ్‌సైట్ ఇది. నేను దీన్ని వాడేది ఒకే పనికి. బ్లేజార్ల (నడిమధ్య బ్లాక్ హోల్ దగ్గర్నుంచి మనవైపు జెట్ చిమ్మే గెలాక్సీల) గామా వెలుగు ఒక లెక్కప్రకారం పెరిగి తగ్గుతోందా, అంటే దానికి పీరియడ్ ఉందా, అలా అయితే ఆ గెలాక్సీ నడిమధ్య ఉన్నది ఒంటరి బ్లాక్ హోలా, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంటా అని చూడటానికి. ఆ పనికి ఇంతకన్నా సులువైన చోటు నాకు దొరకలేదు. 1525 సోర్సులు (గామా వెలుగు వచ్చే వస్తువులు), మూడు రోజులు, వారం, నెల చొప్పున మూడు రకాల లైట్ కర్వులు, అన్నీ ఉచితం. సోర్స్ పేరు వెతికితే గ్రాఫ్ వస్తుంది, సీఎస్‌వీ ఫైల్ దించుకోవచ్చు. ఇదంతా ముడి ఫోటాన్ డేటా నుంచి సొంతంగా చేసుకోవాలంటే ఎంత ఓపిక కావాలో చేసినవాళ్లకి తెలుసు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం డేటాలో పెద్ద ఖాళీలు లేకపోవడం. 2008 నుంచి ఫెర్మీ దాదాపు 3 గంటలకోసారి ఆకాశమంతా చూస్తోంది. నేలమీది టెలిస్కోపులకైతే ఏటా కొన్ని నెలలు సూర్యుడు అడ్డొస్తాడు, ఆ ఖాళీల వల్ల లేని ఏడాది పీరియడ్ ఉన్నట్టు కనిపిస్తుంది. పీజీ 1553+113 అనే బ్లేజార్ నెలవారీ కర్వ్ ఒకసారి తెరిచి చూడండి, 2.2 ఏళ్ల లయ కంటికే ఆనుతుంది. 2015లో దానిమీద పేపర్ వచ్చేనాటికి చేతిలో ఉన్నవి మూడు చక్రాలు, మరికొంత. ఇప్పుడు అంతకు రెట్టింపు ఉన్నాయి!

ఇక జాగ్రత్తలు. సోర్స్ మసకగా ఉన్న రోజుల్లో వచ్చేవి కొలతలు కావు, అప్పర్ లిమిట్లు, అంటే వెలుగు ఇంతకు మించి ఉండదు అని చెప్పే హద్దులు. మొదట్లో వాటిని మామూలు విలువల్లా లాంబ్-స్కార్గిల్‌లో (ఏ పీరియడ్ ఎంత బలంగా ఉందో చూపే లెక్క) వేసేశాను, చక్కటి పీక్ వచ్చింది, వాటిని సరిగ్గా లెక్కలోకి తీసుకున్నాక మాయమైంది, రెండు వారాల పని పోయింది. 53 రోజుల దగ్గర పీక్ వస్తే కూడా సంబరపడకండి, అది టెలిస్కోప్ కక్ష్య నెమ్మదిగా తిరగడానికి పట్టే కాలం.

అన్నిటికన్నా పెద్ద చిక్కు రెడ్ నాయిస్. బ్లేజార్ వెలుగు ఏ లయా లేకుండానే నెమ్మదిగా ఊగుతుంది, రెండు మూడు ఊపులు చూస్తే అచ్చం పీరియడ్‌లాగే ఉంటుంది. రిపాజిటరీ ఇచ్చేది లైట్ కర్వ్ మాత్రమే, దీన్ని తేల్చుకోవడం మన పనే: అదే రకం నాయిస్‌తో నకిలీ కర్వులు వేలల్లో తయారుచేసి, మన పీక్ అంత పెద్దవి వాటిలో ఎన్నిసార్లు వస్తున్నాయో లెక్కపెట్టాలి. ఏళ్ల తరబడి పీరియడ్ వెతుకుతుంటే నెలవారీ డేటాతోనే మొదలుపెట్టండి, అప్పర్ లిమిట్లు తక్కువ ఉంటాయి.